మానభంగం కాదు, యుద్ధ నేరం

ఆ మధ్య కార్యకర్తల శిక్షణ తరగతుల్లో యుద్ధాలు, అంతర్జాతీయ చట్టాలు అనే అంశం మీద మాట్లాడుతుంటే ఏజెన్సీ నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి అడిగింది. "అక్కా, మా ఊళ్లో జరిగేది యుద్ధమా, కాదా? యుద్ధమైతే మీరు చెప్పే చట్టాలు మాకూ రావాలి. యుద్ధం కాదంటే మా చేలల్లో ఇంతమంది తుపాకులు పట్టుకుని ఎందుకు తిరుగుతున్నారు?" ఆ రోజు ఆమెకి సగం జవాబే చెప్పగలిగాను. భోజనాల వేళయిందని ఆమె కూడా వదిలేసింది. మిగతా సగం ఇక్కడ రాయటానికి ప్రయత్నిస్తున్నాను.

యుద్ధంలో మళ్లీ చట్టమేమిటని నవ్వేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఈ చట్టం యుద్ధాన్ని ఆపదు. యుద్ధం మొదలైపోయాక ఎవరిని చంపకూడదో, ఎవరిని కొట్టకూడదో, పట్టుబడ్డవాళ్లని ఎలా చూడాలో చెబుతుంది. దీనికి మూలం 1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాలు. ప్రపంచంలోని రాజ్యాలన్నీ వీటిని ఒప్పుకున్నాయి. మన దేశం 1950లోనే ఒప్పుకుంది. ఇది ఉత్త కాగితమని కొట్టిపారేయటానికి లేదు. 1971 యుద్ధంలో మన దేశానికి పట్టుబడ్డ దాదాపు 93,000 మంది పాకిస్తానీయులని ఈ ఒప్పందాల కిందే శిబిరాల్లో ఉంచి, తిండి పెట్టి, ఉత్తరాలు రాసుకోనిచ్చి, చివరికి వాళ్ల దేశానికి పంపేశారు. రాజ్యానికి ఇష్టమైతే ఈ చట్టం బాగానే పనిచేస్తుంది.

అదే 1971 యుద్ధంలో తూర్పు బెంగాల్ స్త్రీల మీద జరిగిన అత్యాచారాలకి మాత్రం పాకిస్తాన్ సైన్యంలో ఒక్కరికీ శిక్ష పడలేదు. విచారించాలని బంగ్లాదేశ్ పట్టుబట్టిన 195 మందిని కూడా 1974 ఏప్రిల్‌లో మూడు దేశాలు కూచుని రాసుకున్న ఒప్పందంతో వదిలేశారు. బాధితులకి వీరాంగనలని బిరుదు ఇచ్చారు. బిరుదుతో పాటు ఊళ్లో తలెత్తుకుని తిరిగే పరిస్థితి ఇవ్వలేకపోయారు. బంగ్లాదేశ్ 1973లోనే అత్యాచారాన్ని మానవాళిపై నేరాల్లో చేర్చి చట్టం చేసుకుంది. ఆ చట్టం కింద ట్రిబ్యునల్ ఏర్పడటానికి 2010 దాకా పట్టింది. అప్పుడు విచారించిందీ స్థానిక సహకారులనే.

ఖైదీకి దొరికిన రక్షణ స్త్రీకి ఎందుకు దొరకలేదు? దీనికి రాజకీయ కారణాలు ఎన్నయినా చెప్పొచ్చు. చట్టం రాతలోనే ఉన్న కారణం ఒకటుంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. పౌరుల రక్షణకి రాసిన నాలుగో జెనీవా ఒప్పందంలో 27వ అధికరణం స్త్రీలని ప్రత్యేకంగా కాపాడాలంటుంది. దేని నుంచి? వాళ్ల గౌరవం మీద జరిగే దాడి నుంచి. అత్యాచారం, బలవంతపు వ్యభిచారం, అసభ్యమైన దాడి, ఇవన్నీ ఆ గౌరవం మీద దాడికి ఉదాహరణలుగా అక్కడ వస్తాయి.

ఈ మాట మనకి కొత్తేమీ కాదు. అత్యాచారానికి మన పత్రికలు ఏళ్ల తరబడి వాడిన మాట మానభంగం. దెబ్బ తగిలింది మనిషికి కాదట, మానానికట. ఆ మానం కూడా ఆమెది కాదు, తండ్రిది, మొగుడిది, కులానిది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్ ఘటన మీద హైదరాబాదు భగ్గుమన్నప్పటి నుంచి, మథుర తీర్పు మీద 1980లో దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చినప్పటి నుంచి మన సంఘాలు ఈ మాటతో పోట్లాడుతూనే ఉన్నాయి. భారతీయ శిక్షాస్మృతి 354వ సెక్షన్‌లో స్త్రీ మర్యాదకి భంగం అనే మాట ఉండేది. కొత్తగా తెచ్చామని చెప్పుకున్న న్యాయ సంహితలో సెక్షన్ నంబరు 74 అయింది, మాట అలాగే ఉంది. జెనీవాలో కూచుని రాసిన పెద్దమనుషులకీ మన ఊరి పెద్దమనుషులకీ ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదు.

మాటలో ఏముంది అనుకోకండి. అదే ఒప్పందంలో 147వ అధికరణం తీవ్ర ఉల్లంఘనల జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో ఉన్న నేరాలకి ప్రతి దేశమూ నిందితుణ్ణి వెతికి పట్టుకుని విచారించి తీరాలి. హత్య ఉంది, చిత్రహింస ఉంది, అక్రమ నిర్బంధం ఉంది, ఆస్తుల విధ్వంసం కూడా ఉంది. అత్యాచారం పేరు లేదు. పరువు పోయినదానికి విచారణేమిటి, మూసిపెట్టటమే కదా! అంతకుముందు నూరెంబర్గ్‌లోనూ అంతే, ఆ ట్రిబ్యునల్ శాసనంలో అత్యాచారం అన్న మాటే లేదు. జపాన్ సైన్యం కొరియా, చైనా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల స్త్రీలని పట్టుకుపోయి సైనికుల కోసం పెట్టిన శిబిరాల మీద టోక్యోలో ఎవరినీ విచారించలేదు. కిమ్ హక్-సున్ అనే కొరియా ముసలమ్మ 1991 ఆగస్టులో తన పేరుతో సహా ముందుకొచ్చి చెప్పేదాకా దాదాపు అర్ధ శతాబ్దం ఆ స్త్రీలు నోరు విప్పలేకపోయారు. ప్రభుత్వాలు చేయని విచారణని స్త్రీల సంఘాలే 2000 డిసెంబర్‌లో టోక్యోలో ప్రజా ట్రిబ్యునల్ పెట్టి చేశాయి. ఆ తీర్పుకి చట్టబలం లేదు. అయినా హిరోహితో చక్రవర్తి బాధ్యుడని పేరు పెట్టి చెప్పిన తీర్పు అదే.

చట్టంలో అసలు మలుపు 1998లో వచ్చింది. ఆఫ్రికాలో రువాండా అనే చిన్న దేశం. 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా వంద రోజుల్లో అక్కడ సుమారు 8 లక్షల మందిని, ముఖ్యంగా టుట్సీలని, చంపేశారు. ఐక్యరాజ్యసమితి ఆ ఏడు నవంబర్‌లో ఒక ట్రిబ్యునల్ పెట్టింది. దాని ముందుకొచ్చిన వాళ్లలో ఒకడు జాన్ పాల్ అకయేసు. తబా అనే కమ్యూనుకి పాలకుడు, మన లెక్కలో మండలాధ్యక్షుడికి ఇంకాస్త ఎక్కువ అధికారం ఉన్నవాడనుకోండి. అంతకుముందు బడిపంతులు, తర్వాత బళ్ల ఇన్‌స్పెక్టరు. అతని మీద 1996లో పెట్టిన అభియోగాల్లో హత్యలున్నాయి, చిత్రహింసలున్నాయి. స్త్రీల మీద జరిగిన లైంగిక హింస గురించి ఒక్క ముక్క లేదు.

1997 జనవరిలో విచారణ మొదలైంది. జె అనే అక్షరంతో మాత్రమే రికార్డుల్లో ఉన్న ఒక సాక్షి హత్యల గురించి చెబుతూ చెబుతూ, తన ఆరేళ్ల కూతుర్ని ముగ్గురు మగవాళ్లు చెరిచారని చెప్పింది. దర్యాప్తు చేసినవాళ్లు ఆ సంగతి తనని అడగలేదంది. బెంచి మీద ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరే స్త్రీ, నవనీతం పిళ్లే. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తమిళ కుటుంబంలో, బస్సు డ్రైవరు కూతురుగా పుట్టిన మనిషి. ఆమె ఆ మాటని దాటిపోనివ్వలేదు, ఇంకా అడిగింది. తర్వాత హెచ్ అనే మరో సాక్షి తన మీద జరిగిందీ, కమ్యూను ఆఫీసు దగ్గర తను చూసిందీ చెప్పింది. ఈలోగా స్త్రీల హక్కుల సంఘాలూ న్యాయవాదులూ కలిసి, అభియోగాలు మార్చాలని ట్రిబ్యునల్‌కి రాతపూర్వకంగా వాదన సమర్పించారు. 1997 జూన్‌లో ప్రాసిక్యూషన్ అభియోగ పత్రాన్ని సవరించింది. తమ నిర్ణయం సంఘాల ఒత్తిడి వల్ల కాదు, సాక్ష్యం వల్లనే అని వాళ్లు చెప్పుకున్నారు. చెప్పుకోనీయండి. మనకి కావలసింది జరిగింది.

1998 సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. ఒక జాతిని నాశనం చేసే ఉద్దేశంతో చేసిన అత్యాచారం జాతి హననమేనని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పటం అదే మొదటిసారి. మన పనికి సంబంధించి ఇంకో మూడు సంగతులు ఆ తీర్పులో ఉన్నాయి, వాటిని అంతకన్నా ముఖ్యమైనవనుకుంటాను. అత్యాచారమంటే ఏ అవయవం ఎక్కడ తగిలిందన్న లెక్క కాదనీ, బలవంతపు పరిస్థితుల్లో ఒక మనిషి మీద జరిగే లైంగికమైన శారీరక దాడి అనీ అది నిర్వచించింది. సాయుధులు చుట్టూ తిరుగుతున్న చోట ఆ పరిస్థితులే బలవంతం, మళ్లీ ఆమె ఎంత ప్రతిఘటించిందని వేరే రుజువు అక్కర్లేదంది. లైంగిక హింసకి శరీరం తగలనే అక్కర్లేదని కూడా చెప్పింది. ఒక విద్యార్థినిని గుడ్డలూడదీసి కమ్యూను ఆఫీసు ఆవరణలో జనం ముందు కసరత్తు చేయించటం అందుకు ఉదాహరణ.

మూడోది అకయేసు బాధ్యత. అతను స్వయంగా ఎవరినీ చెరిచినట్టు అభియోగం లేదు. తన ఆఫీసు ఆవరణలో జరుగుతుంటే నిలబడి చూశాడు, ఆపలేదు. టుట్సీ స్త్రీ ఎలా ఉంటుందని ఇకమీదట నన్నడగొద్దు అని ఆ మగవాళ్లతో అన్నాడని ఒక సాక్షి చెప్పింది. అధికారంలో ఉన్నవాడు అలా నిలబడటమే వాళ్లకి అనుమతి అయిందని కోర్టు తేల్చింది. యావజ్జీవ శిక్ష వేసింది.

అదే ట్రిబ్యునల్ 2011 జూన్‌లో పాలిన్ న్యిరామసుహుకో అనే ఆమెని జాతి హననానికీ, కింది వాళ్లు చేసిన అత్యాచారాలకీ బాధ్యురాలని శిక్షించింది. ఆమె రువాండా ప్రభుత్వంలో కుటుంబ, మహిళా సంక్షేమ మంత్రి. ఆడవాళ్లని అధికారంలో కూచోబెడితే చాలునని నమ్మే మన మిత్రులు కొందరికి ఈ కేసు చదవమని ఇస్తుంటాను.

1998 జులైలోనే రోమ్ నగరంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు శాసనానికి 120 దేశాలు ఓటేశాయి. అత్యాచారం, లైంగిక బానిసత్వం, బలవంతపు గర్భం, బలవంతపు కు.ని. ఆపరేషన్, వీటన్నిటినీ ఆ శాసనం పేరుపేరునా యుద్ధ నేరాలంది. మానం, మర్యాద అన్న గొడవ లేకుండా. దేశాల మధ్య యుద్ధంలోనే కాదు, దేశం లోపలి యుద్ధంలో కూడా. 2001లో బోస్నియాకి సంబంధించిన ఫోచా కేసులో ముగ్గురు సెర్బు సైనికులకి శిక్ష పడింది. ఉగాండా తిరుగుబాటు సేన నాయకుడు డొమినిక్ ఆంగ్వెన్‌ని 2021లో బలవంతపు గర్భం నేరం కింద కూడా శిక్షించారు. ఓటములూ ఉన్నాయి. జాన్ పియర్ బెంబాని 2016లో, తన సైనికులు మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో చేసిన అత్యాచారాలకి దోషి అని చెప్పి, 2018లో అప్పీలులో వదిలేశారు. పెద్ద రాజ్యాల జోలికి ఆ కోర్టు వెళ్లలేదన్న విమర్శ చాలాకాలం నిజమే. వెళ్లినా ఏమైంది? 2023 మార్చిలో పుతిన్ మీద వారంటు ఇచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఆయన ఆ కోర్టు సభ్యదేశమైన మంగోలియాకి వెళ్లి, ఎర్ర తివాచీ మీద నడిచి తిరిగొచ్చాడు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకొస్తాను.

రోమ్‌లో ఆ రోజు మన దేశం ఓటింగుకి దూరంగా ఉంది. భద్రతా మండలికి ఇచ్చిన అధికారాలు, అణ్వాయుధాల ప్రస్తావన లేకపోవటం మీద మన ప్రతినిధులు చెప్పిన అభ్యంతరాల్లో న్యాయం లేకపోలేదు. అంతర్గత సంఘర్షణలని ఆ కోర్టు పరిధిలోకి తేవటం కూడా వాళ్లకి నచ్చలేదు. ఈ అభ్యంతరం మాత్రం మన ఊళ్లకి సంబంధించింది. ఇవాళ ప్రపంచంలో జరుగుతున్న యుద్ధాల్లో ఎక్కువ భాగం దేశాల లోపల జరిగేవే. 1949 ఒప్పందాల్లో వాటికోసం ఉన్నది ఒకే ఒక్క అధికరణం, నాలుగింటిలోనూ ఒకేలా ఉండే 3వ అధికరణం. వలసలున్న రాజ్యాలకి, తిరుగుబాట్ల భయమున్న రాజ్యాలకి అంతకన్నా రాయటం ఇష్టం లేకపోయింది. ఆయుధం పట్టనివాళ్లని, కింద పెట్టినవాళ్లని, గాయపడ్డవాళ్లని చంపకూడదు, హింసించకూడదు, అవమానకరంగా చూడకూడదు, బందీలుగా పట్టుకోకూడదు, సరైన కోర్టు లేకుండా శిక్షించకూడదు. ఇంతే. ఇంతైనా ఎక్కువే. 1977లో దీన్ని విస్తరిస్తూ వచ్చిన రెండో అదనపు ప్రోటోకాల్ అత్యాచారాన్ని పేరు పెట్టి నిషేధించింది. దానిలో మన దేశం చేరలేదు.

యుద్ధమని ఎప్పుడనాలి? మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్ 1995లో ఒక కొలత చెప్పింది. ప్రభుత్వానికీ వ్యవస్థీకృతమైన సాయుధ బృందాలకీ మధ్య దీర్ఘకాలం సాగే సాయుధ హింస ఉండాలి. ఈ కొలతతో చూస్తే ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, మణిపూర్‌లో, కశ్మీర్‌లో జరిగిందేమిటో కాస్త చదువుకున్న ఎవరైనా వాదించవచ్చు. ప్రభుత్వం మాత్రం అవి శాంతిభద్రతల సమస్యలనే అంటుంది. యుద్ధమంటే ఎదుటివాళ్లకి హోదా ఇచ్చినట్టవుతుందని భయం. 3వ అధికరణం వర్తించినంత మాత్రాన ఏ పక్షానికీ కొత్త హోదా రాదని అదే అధికరణం చివరి వాక్యంలో రాసి ఉంది. చివరిదాకా చదివే ఓపిక మన అధికారులకి లేదో, చదివీ చదవనట్టుంటారో.

కోర్టుకి వెళ్దామంటే, మన దేశంలో 1960 జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. దాని 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, ప్రభుత్వం నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోకూడదు. ఆ చట్టం శిక్షించేదీ తీవ్ర ఉల్లంఘనలనే, 3వ అధికరణం ఉల్లంఘనలని కాదు. అంటే ఆ అమ్మాయి ఊరు అటు యుద్ధంలోనూ లేదు, ఇటు శాంతిలోనూ లేదు. నేను ఆ రోజు చెప్పింది ఇంతవరకే.

మనకి తెలిసిన వాకపల్లి తీసుకుందాం. విశాఖ ఏజెన్సీ, జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20న గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. విచారణ మొదలుకావటానికే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, 2017లో. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనీ నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని చెబుతూ, బాధితులకి నష్టపరిహారం ఇవ్వాలంది. ఈ రెండు మాటలూ ఒకే తీర్పులో ఉన్నాయి. పదహారేళ్ల తర్వాత.

తబాలో ఆధారాలు వాకపల్లి కన్నా బలంగా ఉన్నాయని అనుకోకండి. అక్కడా వైద్య పరీక్షల నివేదికలు లేవు. రువాండా ట్రిబ్యునల్ సాక్ష్య నియమాల్లో 96వది ఒకటుంది. లైంగిక హింస కేసుల్లో బాధితురాలి మాటకి వేరే సాక్ష్యం తోడు అక్కర్లేదు, ఆమె గత జీవితం గురించి అడగకూడదు, బెదిరింపు, నిర్బంధం ఉన్నచోట ఆమె ఒప్పుకుందన్న వాదన తీసుకురాకూడదు. మథుర ఉద్యమం తర్వాత 1983లో మన చట్టాల్లోనూ ఇలాంటి మార్పులు కొన్ని వచ్చాయి. 2013లో జస్టిస్ వర్మ కమిటీ, సాయుధ బలగాలు స్త్రీల మీద చేసే లైంగిక హింసకి ప్రభుత్వ అనుమతి లేకుండానే మామూలు కోర్టుల్లో విచారణ జరగాలని స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణ, మోహరించిన ప్రాంతంలో సాయుధ బలగాల సభ్యుడు చేసే అత్యాచారాన్ని తీవ్రమైన నేరాల్లో చేర్చింది. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టంలోని అనుమతి నిబంధనని మాత్రం ముట్టుకోలేదు.

హేగ్‌లోని కోర్టుకి మన కేసులు వెళ్తాయని నేననటం లేదు. ఆ తీర్పులు చెప్పిన న్యాయాన్ని మన కోర్టుల్లో, మన కమిషన్ల ముందు, మన నిజనిర్ధారణ నివేదికల్లో వాడుకోవచ్చంటున్నాను. 1997లో విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు, మన చట్టంలో ఖాళీ ఉన్నచోట అంతర్జాతీయ ఒప్పందాలని తెచ్చి నింపింది కదా. పని చోట వేధింపులకి సాధ్యమైంది గాలింపు చోట ఎందుకు కాదు?

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే నిజాయితీ ఉండదు. 3వ అధికరణం రెండు పక్షాలకీ వర్తిస్తుంది. ఇన్‌ఫార్మరని ఊరి మధ్య చంపితే, దారిలో పెట్టిన మందుపాతరకి మామూలు జనం పోతే, అదీ ఉల్లంఘనే. విప్లవకారుల హింసని ప్రశ్నించవచ్చా లేదా అని 1990ల్లో మన రాష్ట్రంలో హక్కుల ఉద్యమం తీవ్రంగా చర్చించుకుంది. 1998లో మానవ హక్కుల వేదిక విడిగా ఏర్పడటం వెనుక ఉన్నదీ ప్రధానంగా ఆ చర్చే. రాజ్యహింసనీ దీన్నీ ఒకే తక్కెట్లో తూచకూడదనే వాదనతో నాకు పేచీ లేదు, రాజ్యానికి చట్టం చేసే అధికారమూ జైళ్లూ ఉన్నాయి. కానీ భర్తని ఇన్‌ఫార్మరని చంపేసిన స్త్రీ మన దగ్గరకొస్తే ఆమె మాట రాసుకోకుండా పంపేసిన సందర్భాలు మనకీ ఉన్నాయి. అలా పంపేస్తే, జెని అడగని ఆ దర్యాప్తు అధికారులకీ మనకీ ఏం తేడా?

కాబట్టి మన నివేదికలు రాసే పద్ధతి మారాలి. కరపత్రాల్లో ఇప్పటికీ "మన ఆడపడుచుల మానప్రాణాలు" అని రాస్తున్నాం, అది మానాలి. ఎవరు చేశారన్న దానితో పాటు, వాళ్లని ఎవరు పంపారు, ఆ బలగానికి అధికారి ఎవరు, ఆ వేళకి ఆయన ఎక్కడున్నాడు, తెలిశాక ఏం చేశాడు అన్నవి రాయాలి. అకయేసు కేసు నిలబడింది ఆ వివరాల మీదే. బాధితురాలితో స్త్రీ మాట్లాడాలి, ఆమె భాషలో మాట్లాడాలి, ఒక్కసారే వివరంగా మాట్లాడాలి. ఒక కమిటీ తర్వాత ఒక కమిటీ వెళ్లి పదిసార్లు చెప్పిస్తే, పది చోట్ల పది మాటలు తేడా వచ్చి, కోర్టులో డిఫెన్సు లాయరుకి మనమే ఆయుధం ఇచ్చినవాళ్లమవుతాం. పేరు దాచటం గురించి ఆమెనే అడగాలి. కిమ్ హక్-సున్ పేరు చెప్పుకుంది, జె చెప్పుకోలేదు.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ ఫోన్ చేసింది. నోటుపుస్తకం కొన్నదట. ఎక్కడినుంచి రాయాలక్కా అంది. వాళ్లు ఊళ్లోకి ఏ దారిన వచ్చారో అక్కడినుంచి రాయమన్నాను.